ధడా రాయి

ఆదివారం పొద్దున్నే పద్మశ్రీ దీపం వెలిగించి అమ్మవారి పటం ముందు చేతులు జోడించింది. రోజూ "అందరినీ చల్లగా చూడు తల్లీ" అని దణ్ణం పెట్టుకుని లేవడం ఆమెకు అలవాటు. ఆ రోజు మాత్రం "అందరినీ" దగ్గర మాట ఆగిపోయింది. ఆ అందరిలో హేమ కూడా ఉంటుంది కదా!

హేమ ఆమె తోడికోడలు. పద్మశ్రీ భర్త నాగబాబుకు విజయవాడలో, ఆటోనగర్ దగ్గర, ఇంటర్నెట్ సెంటర్ ఉంది. మరిది రాంబాబు, హేమ కలిసి ఉయ్యూరులో ఇంకొకటి పెట్టి రెండేళ్ళయింది. ఆ మధ్యాహ్నమే రెండు సెంటర్లకీ మధ్య తుపాకుల ఆట ఫైనల్. ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చుని, నెట్‌లో ఒకరినొకరు వేటాడుకునే ఆట అది.

"పద్మా! చిన్నకోడలు ఫోన్ చేసిందా?" వెనక వరండాలోంచి అత్తగారు కొండలమ్మ కేకేసింది.

"చేస్తే మీకు చెప్పకుండా దాచుకుంటానా అత్తయ్యా?"

"అడిగితే అంత కస్సుమంటావేంటే? దాని చెయ్యి పడితే చచ్చిన కంప్యూటర్ కూడా లేచి కూర్చుంటుందని మీ ఆయనే అన్నాడు."

పద్మశ్రీ వంటింట్లోకి వెళ్ళి బొచ్చె చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించసాగింది. పదకొండేళ్ళుగా అత్తగారి కంచంలో ముళ్ళు ఏరి పెడుతున్నది ఈ చెయ్యే. ఈ చెయ్యి గురించి మాత్రం ఎవరూ ఏమీ అనరు.

నిజానికి ఈ పోటీ ఇంతవరకూ రావడానికి కారణం పద్మశ్రీ అన్న ఒక్క మాట. ఆటను నడిపించే పెద్ద కంప్యూటర్ విజయవాడ సెంటర్లో ఉంది. ఉయ్యూరు లైను నెమ్మది. అక్కడివాళ్ళు మీట నొక్కితే ఆ సంగతి ఇక్కడికి చేరేలోపు ఇక్కడివాడు కాల్చేసి, పక్కకు తప్పుకునేవాడు. "ఇదేం ఆట? మేం చచ్చిపోయాక గాని మాకు శత్రువు కనబడడు" అని ఉయ్యూరు కుర్రకారు గోల పెట్టి, ఒక్కొక్కరే బస్సెక్కి విజయవాడ సెంటరుకు రావడం మొదలుపెట్టారు. హేమ ఫోన్లో ఏడ్చినంత పని చేసింది.

ఆ ఫోన్ మాట్లాడుతున్నప్పుడు పద్మశ్రీ చూపు వరండా గోడ మేకుకు వేలాడే పాత తక్కెడ మీద పడింది. కొల్లేటి చేపలు తట్టలో పెట్టుకుని కొండలమ్మ ముప్పై ఏళ్ళు అమ్మినప్పటి తక్కెడ అది. చేపలు తూచేముందు ఖాళీ తట్టను ఒక సిబ్బెలో పెట్టి, దాని బరువుకు సరిపోయే రాయిని రెండో సిబ్బెలో వేసేది. అదే ధడా కట్టడం. అప్పుడు తట్ట బరువు కొనేవాళ్ళ మీద పడదు.

"మీ తట్ట బరువుగా ఉంటే మా వైపు కూడా ఒక ధడా రాయి వెయ్యరాదూ?" అంది పద్మశ్రీ మాటవరసకి.

అవతల హేమ "అక్కా!" అని అరిచింది. వారం తిరక్కుండా ఎక్కడో వెతికి ఒక ప్రోగ్రాం పట్టుకుని, సీడీలో తెచ్చి పెట్టింది. ఉయ్యూరు లైను ఎంత ఆలస్యం చేస్తుందో, విజయవాడ వాళ్ళు నొక్కిన మీటను కూడా అది అంతసేపే పట్టి ఉంచుతుంది. ప్రతి ఆటకు ముందూ ఉయ్యూరు ఆలస్యాన్ని చూసి, ఆ అంకెను ఇక్కడ కొట్టాలి. ఆ పని పద్మశ్రీకే అప్పగించింది. "ఆ అంకె నీ చేతిలో ఉంటేనే నాకు నిశ్చింత అక్కా" అంది.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత కరపత్రం వచ్చింది. నాగబాబు అచ్చు వేయించాడు. "నిర్వహణ: శ్రీమతి హేమ, రాంబాబు. వేదిక: నాగబాబు." పద్మశ్రీ దాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. ఆమె పేరు ఎక్కడా లేదు.

"ఏవండీ, ఇందులో నా పేరెందుకు లేదు?"

"ఇంట్లో మనిషివి, నీకు పేరెందుకే?" అని నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు నెల రోజులుగా పద్మశ్రీ గొంతులో చేపముల్లులా గుచ్చుకునే ఉంది.

*

ఫైనల్లో మొత్తం మూడు ఆటలు. మొదటిది విజయవాడ గెలిచింది. రెండోది ఉయ్యూరు గెలిచింది. అక్కడి జట్టు నాయకురాలు తబస్సుం డిగ్రీ చదువుతోంది. ఆమె గురి చూసి విజయవాడ కుర్రాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. మూడో ఆటకు ముందు కొండలమ్మ చేతికర్ర పట్టుకుని సెంటరుకు వచ్చింది. గుంపుగా నిలబడ్డ వాళ్ళందరికీ వినబడేలా, "ఈ రాయి కిటుకంతా మా చిన్నకోడలిదే! పుడితే అట్టాంటి బుర్రతో పుట్టాలి" అంది.

పద్మశ్రీ చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. ఎదురుగా తెర మీద ఉయ్యూరు ఆలస్యం నూట ఎనభై మిల్లీసెకన్లని కనబడుతోంది. ఒకటి నొక్కింది. ఎనిమిది నొక్కింది. సున్నా మీదికి వెళ్ళిన వేలు అక్కడే ఆగి, వెనక్కి వచ్చేసింది.

అంతే. ఒక్క సున్నా.

ఆట మొదలైన నిమిషానికే ఫోన్ మోగింది. "అక్కా, మీవాళ్ళ పేర్ల పక్కన పద్దెనిమిదని చూపిస్తోంది. ఒకసారి చూస్తావా?"

"తెర మీద తప్పు చూపిస్తోందేమో. ఇక్కడ నేను సరిగ్గానే పెట్టాను" అంది పద్మశ్రీ. తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

"సరే అక్కా, నువ్వు చెప్పాక ఇంకేముంది" అని హేమ పెట్టేసింది.

విజయవాడ జట్టు చిత్తుగా గెలిచింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. పద్మశ్రీకి మాత్రం ఆ రాత్రి ముద్ద దిగలేదు.

*

మర్నాడు పొద్దున సిరాజ్ ఇంటికి వచ్చాడు. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే మెకానిక్. గెలిచిన జట్టుకు అతనే నాయకుడు. చేతిలో కప్పు ఉంది. దాన్ని టేబుల్ మీద పెట్టాడు.

"నాగబాబన్నా, ఇది నాకొద్దన్నా."

"అదేంట్రా?"

"మొదటి రెండాటల్లో మీట నొక్కితే బరువుగా ఉంది. మూడోదాంట్లో బరువే లేదు. లోడు దింపేసిన బండిలా ఉరికింది. ఇంజను చప్పుడు విని పని చేసేవాణ్ణి, ఆ మాత్రం నా చేతికి తెలీదా? ఎక్కడో పొరపాటు జరిగింది వదినగారూ, ఒకసారి చూడండి."

పొరపాటు అన్నాడు గాని ఇంకో మాట అనలేదు. అతను వెళ్ళాక నాగబాబు భార్య వైపు చూశాడు. "ఉయ్యూరు లైనేమన్నా బాగుపడిందా? అంకె ఎంత కొట్టావు?"

"కొట్టాల్సిందే కొట్టాను."

"ఎంతే?"

"ఎంతయితే ఏంటండీ? గెలిచింది మీ సెంటరేగా!"

"పద్మా." కొండలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "రాయి తీసేశావా?"

పద్మశ్రీ ఒక్కసారిగా భగ్గుమంది. "తీశాను! తీస్తే ఏం? ఆ రాయి మాట అన్నది నేను. ఈ వరండాలోనే, మీ తక్కెడ చూసి అన్నాను. పేరు దానికి, పొగడ్తలు దానికి. నేను చేపలు తోముకునేదాన్ని, పేరు కూడా అక్కర్లేని ఇంట్లో మనిషిని!"

నాగబాబు తల దించుకున్నాడు. కొండలమ్మ కోడలి దగ్గరికి వచ్చింది.

"నీ మాటని నాకు తెలీదే. తెలియకుండా నోరు జారాను, అది నా తప్పు. కానీ నీ మాటే అయితే, నీ రాయిని నువ్వే తీసేసుకున్నావా తల్లీ?" అంది.

పద్మశ్రీ లోపలికి వెళ్ళి అమ్మవారి పటం ముందు కూర్చుంది. ఇన్నేళ్ళుగా దీపం పెడుతున్నా లోపలి చీకటి ఎందుకు పోలేదు తల్లీ అని అడిగింది. అమ్మవారు ఎప్పటిలాగే చూస్తోంది. పద్మశ్రీ కళ్ళు తుడుచుకుని లేచి, కప్పు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

కంకిపాడు దాటి ఉయ్యూరు దగ్గర పడుతుంటే షుగర్ ఫ్యాక్టరీ నుంచి ఉడికే చెరుకురసం వాసన కొట్టింది.

సెంటర్లో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బయట రాంబాబు ఫోన్లో ఎవరితోనో, "ఐసు లారీకి డ్రైవరు కావాలన్నారు కదండీ, ఇంకా ఖాళీ ఉందా?" అని అడుగుతున్నాడు. ఆ లారీ నడుపుతూనే ఒకసారి కాలవలో పడి చావు తప్పించుకున్నాడు. అతన్ని మళ్ళీ స్టీరింగు పట్టనివ్వకూడదనే హేమ ఈ సెంటరు పెట్టింది. నిన్నటి ఆటతో సెంటరుకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారని పద్మశ్రీకి అర్థమైంది.

"అక్కా! చెప్పకుండా వచ్చావే?" హేమ ఎదురొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"సున్నా కొట్టలేదే నేను" అంది పద్మశ్రీ, చెప్పులైనా విప్పకుండా. "కావాలనే కొట్టలేదు. ఫోన్లో అబద్ధం చెప్పాను. నీ మీద కుళ్ళుతో చేశాను."

కంప్యూటర్ల ముందు కూర్చున్న నలుగురూ తిరిగి చూశారు. వాళ్ళలో తబస్సుం కూడా ఉంది.

హేమ ముఖం ఎర్రబడింది. "నా కళ్ళతో చూశాను అక్కా పద్దెనిమిదని! వీళ్ళంతా అరిచారు. మా అక్క చెప్పాక ఇంక నోరు మూసుకుని ఆడండి అని నేనే కసిరాను. నా కళ్ళనైనా కాదనుకున్నాను గాని నీ మాట కాదనుకోలేదు. ఇప్పుడు వీళ్ళకి నా మొహం ఎట్టా చూపించను?"

పద్మశ్రీ తల తిప్పుకుంటే గోడ మీద అంటించిన కాగితం కనబడింది. హేమ గుండ్రటి అక్షరాలు. "పోటీ నియమాలు. ఒకటి: పద్మక్క రాయి వేయకుండా ఏ ఆటా మొదలుపెట్టరాదు."

"ఇదేంటి?" అంది పద్మశ్రీ.

తబస్సుం చెప్పింది. "మేం దాన్ని అలాగే అంటామండీ. ఆలస్యం, గీలస్యం అని ఎవరం అనం. పద్మక్క రాయి పడిందా, ఇక ఆడొచ్చు అనుకుంటాం. మీరేనా ఆ పద్మక్క?"

"కరపత్రానికి నేను రాసిచ్చిన కాగితంలో మొదటి పేరు నీదే" అంది హేమ, కోపం తగ్గకుండానే. "బావగారే చోటు చాలట్లేదు, ఇంట్లో మనిషికి పేరెందుకమ్మా అని కొట్టేశారు. నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

పద్మశ్రీ ఆ కాగితానికి తల ఆనించి ఏడ్చింది. ఊరు కాని ఊళ్ళో, ముఖం ఎరగని పిల్లలు నమ్మకానికి తన పేరు పెట్టుకున్నారు. ఆ పేరును తన వేలితోనే తీసేసుకుంది. హేమ కాసేపు దూరంగానే నిలబడింది. తర్వాత దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "ముందు చెప్పులు విప్పు. కాఫీ పెడతాను" అంది.

*

ఆ తర్వాతి ఆదివారం మూడో ఆట మళ్ళీ ఆడారు. జరిగింది జరిగినట్టు అందరి ముందూ పద్మశ్రీయే చెప్పింది. నాగబాబు కొత్త కరపత్రం వేయించాడు. అందులో పద్మశ్రీ పేరు పైనే ఉంది. ఆమె మాత్రం దానివైపు చూడలేదు, తెరనే చూసింది. ఆ రోజు ఉయ్యూరు ఆలస్యం నూట తొంభై. ఒకటి. తొమ్మిది. సున్నా దగ్గర వేలు ఆపి, "అత్తయ్యా, ఒకసారి ఇటు రండి" అని పిలిచింది. సున్నా నొక్కింది. "సరిపోయిందేమో చూడండి."

కొండలమ్మకు అంకెలు రావు. అయినా తక్కెడ ముల్లును చూసినట్టే వంగి, కళ్ళు చికిలించి తెరను చూసింది. "సమంగానే ఉందే. కానియ్యి" అంది.

ఆ ఆటలో సిరాజ్ జట్టే గెలిచింది, ఒకే ఒక్క పాయింటుతో. ఫోన్లో అవతల ఉయ్యూరు వాళ్ళు ఓడిపోయి కూడా కేకలు పెడుతున్నారు. సెంటరు నిండిపోయి కుర్చీలు చాలడం లేదని, ఐసు లారీ ఆయనకు రానని చెప్పేశానని రాంబాబు అరుస్తున్నాడు. ఇంతలో తబస్సుం ఫోన్ లాక్కుంది.

"పద్మక్కా, ఇంకో ఆట! ఈసారి రాయి జాగ్రత్త!"

సెంటరంతా నవ్వింది. పద్మశ్రీ నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఇక్కడే ఉన్నానమ్మా" అంది.