అత్తగారు తడిమి చూసే పళ్ళెం

"వేలు తీసెయ్యాలట!" గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అరిచాడు దర్జీ. "విన్నావా అమ్మా! నీ కోడలికి ఒంట్లో చక్కెర పెరిగిపోయిందట. కాలి బొటనవేలు కుళ్ళిపోయిందట! ఎందుకో అడుగు... నువ్వే అడుగు!"

అతని వెనకాలే గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది కోడలు. వేలి నొప్పి ఒక లెక్కా ఆమెకి? డాక్టరు ఎదురుగా మొగుడు చూసిన చూపు ఉందే, అది కోస్తోంది ఆమెని! "రోజూ ఏం తింటావమ్మా?" అని డాక్టరు అడిగితే పాపం, అబద్ధం చెప్పలేకపోయింది. నూనెలో వేయించి, చక్కెర పాకంలో ముంచిన పిండిముక్కలు రోజూ ఒక పళ్ళెం తింటున్నానని తలవంచుకుని చెప్పేసింది. జబ్బు ఎప్పటినుంచో లోపల ఉన్నదేననీ, ఈ తిండే దాన్ని ముదరబెట్టిందనీ చెప్పాడాయన.

"దొంగతిండమ్మా! ఏడాదిగా నాకు ఉప్పూ కారం లేని కూరలు పెట్టి, తను మాత్రం చాటుగా పాకాలు జుర్రుకుంటోంది! ఆ డాక్టరు ముందు నాకు తల కొట్టేసినట్టయిందనుకో!"

అత్తగారు నోరు నొక్కుకుంది. "హవ్వ! నా బిడ్డకి గడ్డి పెట్టి, ఇదేమో పాకాలు మెక్కుతోందా! నీ కడుపు కాలా! ఆ కాలు మొత్తం పోయినా పాపం లేదే నీకు!"

ఎంత మాట! కోడలు నోరు విప్పితే ఒక్క మాటతో తేలిపోతుంది... కానీ ఆ మాట అంటే ఈ ముసలావిడ తట్టుకుంటుందా?

అసలేం జరిగిందంటే, కిందటి ఏడు ఇదే దర్జీ కింది కొట్లో మిషను మీదే పడిపోయాడు. గుండె! తిండి మార్చకపోతే ఇంకోసారి లేవడని డాక్టరు చెప్పాడు. ఖరీదైనవేం అక్కర్లేదు, సంతలో చవగ్గా దొరికే ఆకుకూరలు, పప్పులు, కాయగూరలు, పొట్టు తీయని ధాన్యం, నూనే ఉప్పూ తగ్గించి తింటే చాలన్నాడు. విన్నవాళ్ళు ముగ్గురు, చెవిన పెట్టింది కోడలొక్కతే. ఆ రోజు నుంచి ఇంట్లో పొయ్యి తీరే మారిపోయింది. మొగుడు తిట్టుకుంటూ తిన్నాడు. "మా ఆవిడ నన్ను మేకని చేసిందండీ!" అని కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకుని నవ్వాడు. కానీ తిన్నాడు! నడుము తగ్గి, తన ప్యాంట్లన్నీ తనే విప్పి కుట్టుకున్నాడు.

కొడుకు చిక్కిపోతుంటే అత్తగారు ఊరుకుంటుందా? రోజూ తన చేత్తో పిండిముక్కలు వేయించి, పాకంలో ముంచి, పళ్ళెం నిండా పెట్టి కోడలి చేతికిచ్చేది. "వాడు అన్నానికొచ్చినప్పుడు వంటింట్లో పెట్టు. నేను చేశానని చెప్పకు, డాక్టరు మాటకి జడిసి వద్దంటాడు," అనేది. మొదటిరోజు వద్దని కోడలు తిరిగి ఇచ్చేసింది. అంతే! "నా చేతి వంట నా బిడ్డకి విషమైందా!" అని ఆవిడ ముద్ద ముట్టలేదు. పక్కవాటాల వాళ్ళంతా పోగయ్యేదాకా ఏడ్చింది. చిన్నప్పుడు ఆకలితో అల్లాడిన మనిషి... మెతుకు పారేస్తే ప్రాణం పోయినట్టు విలవిల్లాడుతుంది. పళ్ళెం తిరిగొచ్చాక వేలితో తడిమి చూస్తుంది. చెత్తబకెట్ మూత తీసి మరీ చూస్తుంది. ఇంటికి ఉన్నది ఒక్కటే గుమ్మం, ఆ గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చుంటుంది! ఇంక ఆ పళ్ళెం ఎక్కడికి పోవాలి? కోడలి కడుపులోకే పోయింది. వంటింట్లో నిలబడి, గుటకలు మింగుతూ, వెగటు పుట్టినా... "గట్టి ఒళ్ళు నాది, నాకేమవుతుందిలే," అనుకుంటూ తినేసింది పిచ్చిది!

"నువ్వు పెట్టిన గడ్డికి కాదే, నా చేతి వేపుడు తిని లేచాడే నా కొడుకు!" అత్తగారు ఊగిపోతోంది. "రోజూ పళ్ళెం ఖాళీ చేశాడే నా తండ్రి!"

దర్జీ ఆగిపోయాడు. "ఏ వేపుడమ్మా?"

"అదేంట్రా... పిండిముక్కలు! పాకంలో ముంచి పంపేదాన్ని కదరా..."

"ఏడాదిలో ఒక్క ముక్క కూడా నా నోట్లో పడలేదమ్మా."

ముసలావిడ కళ్ళు కొడుకు మీంచి కోడలి మీదకి తిరిగాయి. అర్థమైంది ఆవిడకి. అర్థమయ్యాక అన్న మాట ఇదీ:

"అయితే... నా బిడ్డ నోటికాడ కూడు ఏడాదంతా లాక్కుని తినేశావుటే!"

అయ్యో! అప్పటిదాకా బిగబట్టుకున్న కోడలు కూలబడి భోరుమంది.

"పారెయ్యొచ్చుగా!" అన్నాడు దర్జీ, గొంతు తగ్గించి.

"ఎక్కడ పారెయ్యనండీ?"

"పోనీ నాతో చెప్పొచ్చుగా!"

ఆమె తలెత్తి మొగుణ్ణి చూసింది. "చెబితే మీరు తినేవారు."

తినేవాడే! లొట్టలేసుకుంటూ తినేవాడే! దర్జీ విసవిసా వంటింట్లోకి వెళ్ళి, ఆ పూట వేయించిన ముక్కల పళ్ళెం తెచ్చి తల్లి ముందు పెట్టాడు.

"తినమ్మా."

"నాకు పడదురా ఇంత నూనె... ఈ మధ్యే కాస్త మోకాళ్ళు తేలికపడి నడుస్తున్నాను. కోడలి కూరలే నాకు..." అని, చటుక్కున ఆగిపోయింది.

"నీకు పడనిది దానికి పడిందామ్మా?" అన్నాడు దర్జీ.

ముసలావిడ తప్పయిందని అనలేదు. ఆ పళ్ళెం అలాగే పట్టుకెళ్ళి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన చేత్తో తనే చెత్తబకెట్లో బోర్లించింది.

వేలు తీసేశారు. ఆసుపత్రి నుంచి వచ్చి కట్టుకట్టిన కాలితో కోడలు మంచం మీద ఉంటే, ఈ వీధిలో అందరి కొలతలూ తీసిన దర్జీ కింద కూర్చుని, వేలు లేని ఆ పాదానికి టేపు పెట్టి మెత్తటి మేజోడు కోసం కొలత తీశాడు. ఏడుస్తూ తీశాడేమో, రెండుసార్లు తప్పు చెప్పాడు. ఆమెకి జాలేసింది. కానీ పోయిన వేలు రాదుగా!

అప్పుడొచ్చింది అత్తగారు, చేతిలో పళ్ళెంతో. ఉడికించిన ఆకుకూర, పప్పు. మొహం చూడకుండా మంచం మీద పెట్టి, "ఊఁ," అంది. కోడలు తిన్నంతసేపూ పక్కనే కూర్చుంది. అయ్యాక పళ్ళెం తీసుకుని వేలితో తడిమి చూసింది.

"నువ్వే తిన్నావా?"

కోడలి కళ్ళు నిండిపోయాయి. "నేనే తిన్నానత్తయ్యా. మీ కళ్ళముందే తిన్నాగా!"

"ఏమో తల్లీ, నిన్ను నమ్మడానికి లేదు," అంటూ లేచి వెళ్ళి, ముసలావిడ బకెట్ మూత తీసి చూసింది.