పదమూడో ప్రతిపాదన

ఆ మంగళవారం పొద్దున లోర్నా తన తల్లి ఆర్డిస్‌ని పోలింగుకి తీసుకెళ్లడానికి వచ్చేసరికి, ఆమె చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని వంటింట్లో కూర్చుని ఉంది. రెండు నెలలుగా కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో ఎవరి నోట విన్నా పదమూడో ప్రతిపాదనే. ఇంటి పన్ను ఇంటి విలువలో నూటికి ఒక డాలరు దాటకూడదని రాష్ట్ర రాజ్యాంగంలో రాయాలా, వద్దా అన్నది ఓటర్లే తేల్చాలి. రాస్తే ఆ పన్నుతోనే నడిచే బడులకు డబ్బు తగ్గుతుంది. సంగీతం టీచరైన లోర్నాకి తొలగింపు నోటీసు అప్పుడే వచ్చేసింది.

"అవుననే వేస్తావుగా?" అంది లోర్నా.

"కాఫీ అయినా తాగనివ్వవే!"

"నీ ఓటు నా కడుపు మీద కొడుతుందమ్మా. కూతురి కంటే ఈ గోడలెక్కువయ్యాయా?"

"మీ నాన్న పోయాక నాకు తోడున్నవి ఈ గోడలే. పన్ను మూడింతలైంది. డెబ్బై ఏళ్లకి ఇల్లమ్ముకుని ఎక్కడికి పోనే?"

"అందరిదీ అదే ఏడుపు!" విసురుగా అని, తల్లి కళ్లజోడు కోసం లోర్నా పడకగది తలుపు తోసింది. మంచం కింద మగవాళ్ల బూట్లు, కుర్చీ మీద ఎవరిదో చొక్కా.

"ఎవరివివి?"

"లారీ డ్రైవరువి. పన్ను కట్టాలిగా, ఫిబ్రవరి నుంచి ఈ గది అద్దెకిచ్చాను. మర్యాదస్తుడే."

"మరి నువ్వు?"

"కుట్టుమిషను గదిలో. మడతమంచం చాల్లే నాకు."

లోర్నా తలుపు మెల్లగా మూసింది. వీధి వీధీ తిరిగి 'వద్దని వేయండి' అంటూ కరపత్రాలు పంచిన తను, అమ్మ ఎక్కడ పడుకుంటోందో చూడలేదు.

పక్క వీధిలో ఒకరి కారు షెడ్డులో పోలింగు. ఇద్దరూ ఓటు వేసి వచ్చి కార్లో కూర్చున్నారు.

"అవుననే వేశాను. నీకు అబద్ధం చెప్పలేను," అంది ఆర్డిస్, అద్దంలోంచి బయటికి చూస్తూ.

"నేను ఆ ప్రశ్న ఖాళీగా వదిలేశానమ్మా. చెయ్యి రాలేదు." లోర్నా స్టీరింగు మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆర్డిస్ ఆమె వీపు నిమిరింది. "ఉద్యోగం పోతే నా దగ్గరికొచ్చెయ్."

"ఎక్కడ పడుకోను?"

"ఆ డ్రైవర్ని పంపించేస్తాలే. నా మంచం నీకిస్తాను."

"వద్దు. నువ్విక మడతమంచం మీద పడుకోవద్దు. మనిద్దరం ఒకే మంచం మీద సర్దుకుందాం," అంది లోర్నా, కళ్లు తుడుచుకుంటూ.