చెవి తెగిన ఏనుగు

ఉదయం పదీ యాభై.

ఏనుగుకి ఎడమ చెవి లేదు.

అరచేతిలో ఇమిడే ఏనుగు. మెత్తటి నీలం సిలికాన్ బొమ్మ. పళ్ళొచ్చే పిల్లలు చిగుళ్ళ దురదకి కొరుక్కునేది. తొండం మీద చొంగ ఇంకా ఆరలేదు. చెవి ఉండాల్సిన చోట చిన్న గాటు.

ఆ చెవి ఎక్కడుంది?

"నాకు కావల్సింది అదొక్కటే మేడం," అన్నాడు పిల్లల డాక్టర్. "పాప ఊపిరితిత్తుల్లోకి ఏదో పోయిందని అనుమానం. ఎక్స్‌రేలో ఏమీ లేదు. కానీ రబ్బరు, చెక్క, ప్లాస్టిక్ ఎక్స్‌రేలో కనపడవు. చూడాలంటే మత్తిచ్చి గొట్టం దించాలి. పాపకి విపరీతమైన జలుబు. ఈ స్థితిలో మత్తిస్తే ఊపిరే ఆగిపోవచ్చు."

"చెవి బయట దొరికితే?"

"గొట్టం అక్కర్లేదు. జలుబు ముదిరిందనుకుని మందులతో చూస్తాను. దొరక్కపోతే పన్నెండింటికి థియేటర్‌లోకి తీసుకెళ్తాను. ఆపైన ఆగలేను."

ఎస్సై వాచీ చూసుకుంది. డెబ్భై నిమిషాలు.

స్టేషన్‌లో ఆమెకి వెనకాల ఒక పేరుంది. కీడు మేడం. కీడెంచి మేలెంచమన్నారు గానీ, ఈవిడ కీడు దగ్గరే ఆగిపోతుందని అందరూ నవ్వుకుంటారు. ఇంట్లో ఆమెకీ పది నెలల కొడుకున్నాడు. వాడి నోట్లోనూ ఇలాంటి బొమ్మే ఉంటుంది. ఆ సంగతి తలుచుకోకూడదనుకుంది. తలుచుకుంది.

కారిడార్‌లో పాప తల్లి నేల మీద కూలబడి ఉంది.

"ఆ క్రెష్ ఆయా నా బిడ్డని పొట్టన పెట్టుకుంది మేడం! దాన్ని వదలకండి!"

పదిన్నరకే కంప్లెయింట్ ఇచ్చింది. ఆయా అప్పటికే స్టేషన్‌లో కూర్చుని ఉంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే మాట చెబుతోందట. "నేను బుక్కులో రాశానమ్మా."

పదకొండూ ఐదు. క్రెష్.

రంగు చాపలు. ఊచల కిటికీ. బొమ్మల బుట్ట నేల మీద బోర్లించి ఉంది. క్రెష్ యజమానురాలు వాటిని ఒక్కొక్కటే తిరగేసి చూస్తోంది.

"పాపని ఎన్నింటికి దింపారు?"

"ఎనిమిదిన్నరకి."

"దగ్గు ఎప్పుడు మొదలైంది?"

"పదింటికి. ఉన్నట్టుండి మొహం నీలం తిరిగింది. ఆయా బోర్లా పట్టుకుని వీపు మీద చరిచింది. కాస్త ఊపిరాడింది. అలాగే ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాం."

"చెవి వెతికారా?"

"చాపలు దులిపాం. చెత్తబుట్ట కుమ్మరించాం. ఎక్కడా లేదు. అసలు ఇదంతా వాళ్ళ నాయనమ్మ నిర్వాకం మేడం. చూడండి, ఆయా ఏం రాసిందో."

పొడవాటి నోట్‌బుక్. కోడి గీకినట్టున్న రాత. యజమానురాలు వేలు పెట్టి గబగబా చదివింది.

"తొమ్మిదీ నలభై. పాప నోట్లో వెన్నపూస. తీసి కిటికీలో పెట్టాను. విన్నారుగా? చిగుళ్ళకి వెన్న పూసి పంపుతుంది ఆ పెద్దావిడ. వద్దు మొర్రో అన్నా వినదు."

ఆ లైను మధ్యలో ఎవరి చొంగో పడి సిరా అలుక్కుపోయింది. ఎస్సై ఫోన్‌తో ఫోటో తీసుకుంది. ఆ క్షణంలో ఆమె ధ్యాస నోట్‌బుక్ మీద లేదు. ఏనుగు మీద ఉంది.

"పాపకి పళ్ళెన్ని వచ్చాయి?"

"ఒక్కటీ రాలేదండీ. చిగుళ్ళు వాచాయంతే."

ఎస్సై గాటుని వేలితో తడిమింది. నున్నగా ఉంది. రూలు కర్రతో గీసినట్టుంది. బోసినోరు ఇలా కొరకలేదు.

ఇది కత్తెర పని.

పదకొండూ ఇరవై ఐదు. పాప ఇల్లు. వంటగది.

"పెద్దమ్మా, కత్తెర ఎక్కడుంటుంది?"

నాయనమ్మ మొహం పాలిపోయింది. తర్వాత పొయ్యి పైన అరలోంచి ఒక డబ్బా దించింది. గుండీలు, సూదులు, మూత లేని పెన్నులు. వాటి మధ్య నీలం ముక్క.

"పొద్దున చూస్తే సగం చిరిగి వేలాడుతోంది తల్లీ. పిల్ల మింగేస్తుందేమోనని భయమేసి కత్తిరించేశాను."

"ఆస్పత్రిలో ఈ మాట చెప్పొచ్చుగా?"

"నన్నెవరు అడిగారు? పిల్లకి దగ్గు వచ్చిందన్నారు. పాలు, బట్టలు తెమ్మని ఇంటికి తోలారు. ఈ చెవి కోసం వెతుకుతున్నారని నాకేం తెలుసు?"

"మరి దీన్నెందుకు దాచావు?"

"జిగురుతో అంటిద్దామని."

"చిరిగిన బొమ్మని కత్తిరించడం కాదు పెద్దమ్మా, పారేయాలి."

పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎస్సై ఆమెని జీపెక్కించింది.

పదకొండూ నలభై రెండు. ఆస్పత్రి.

డాక్టర్ చెవిని గాటుకి ఆనించి చూశాడు. సరిగ్గా అతికింది. గుండెల మీంచి బండ దింపినట్టు నిట్టూర్చాడు.

"బతికించారు మేడం. అయితే గొట్టం వద్దు. సిస్టర్, థియేటర్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి. కేసు క్యాన్సిల్."

తల్లి భోరుమంది. ఎస్సై కుర్చీలో కూర్చుంది.

పక్కన నాయనమ్మ సణుగుతోంది. జీపులో ఎస్సై వెన్న పూయొద్దని మందలించినప్పటి నుంచీ అదే సణుగుడు.

"మధ్యలో ఆ క్రెష్ ఆవిడ నా మీద చాడీలా? వెన్న పూశానట! కోడలు వద్దందని మానేసి పది రోజులైంది. ఇంట్లో వెన్నే లేదు, ఎక్కణ్ణుంచి పూస్తాను?"

ఎస్సై తల తిప్పింది.

"మళ్ళీ చెప్పు పెద్దమ్మా."

"వెన్న లేదంటున్నా."

ఎస్సై ఫోన్ తెరిచి ఫోటో పెద్దది చేసింది. 'పాప నోట్లో' తర్వాతి మాటకి మొదటి అక్షరం లేదు. ఉన్నది చొంగ మరక. దాని పక్కన 'న్నపూస'. ఆ తర్వాత, 'తీసి కిటికీలో పెట్టాను.'

వెన్నపూసైతే తుడుస్తారు. తీసి ఎండ పడే కిటికీలో ఎవరు పెడతారు?

స్టేషన్‌కి ఫోన్ కొట్టింది.

"ఆయాకి ఇవ్వు. త్వరగా!"

"అమ్మా, నేను బుక్కులో..."

"రాశావు. ఏం రాశావు? పాప నోట్లో ఏం పూస?"

"చిన్నపూసమ్మా. చెక్కది. బొమ్మల బుట్టలోదేమో అనుకుని తీసి కిటికీలో పెట్టాను. ఒకటేనమ్మా, ఒట్టు. నోరంతా వేలు పెట్టి చూశాను."

"డాక్టర్! ఆగండి!"

కేకకి కారిడార్ అంతా తిరిగి చూసింది. పదకొండూ నలభై ఎనిమిది.

"చెవి అబద్ధం చెప్పింది డాక్టర్. పాప నోట్లో చెవి లేదు. పూస ఉంది. వెన్నపూస కాదు, చిన్నపూస. అక్షరం చెరిగిపోతే క్రెష్ ఆవిడ తనకి తోచిన పూస చదివేసింది. నేనూ తలూపాను. ఆయా ఒక పూస తీసింది. రెండోది లోపలికి పోయిందేమోనని నా భయం." తల్లి వైపు తిరిగింది. "పాప మెడలో ఏముందమ్మా?"

తల్లి చెయ్యి తన మెడ మీదకి పోయింది.

"దాచకు. నీ బిడ్డ ఊపిరి నీ నోట్లో ఉంది."

"పళ్ళదండ మేడం. చెక్కపూసలది. మెడలో వేస్తే నొప్పి లేకుండా పళ్ళొస్తాయని అమ్మినావిడ చెప్పింది. మూడు రాత్రులుగా పిల్ల ఒకటే ఏడుపు. అత్తయ్య వెక్కిరిస్తారని గౌను లోపల కట్టాను. ఇక్కడ చూస్తే మెడలో లేదు. ఆయా కాజేసిందనుకున్నాను."

"సిస్టర్, పాప బట్టలు!"

నర్సు సంచీ కుమ్మరించింది. బనియన్ మడతల్లో తెగిన దారం. పూసకీ పూసకీ మధ్య ముడి, అందుకే మిగతావి రాలలేదు.

"మొత్తం ఎన్ని పూసలు?"

"ఇరవై."

నర్సు లెక్క పెట్టింది. మళ్ళీ పెట్టింది. "పద్దెనిమిది."

ఒకటి కిటికీలో ఉంది.

డాక్టర్ అప్పటికే పరిగెడుతున్నాడు. పాప మంచం చక్రాల చప్పుడు కారిడార్‌లో దూరమైంది. థియేటర్ తలుపు మూసుకుంది. పదకొండూ యాభై ఆరు.

ఎస్సై గోడ వైపు తిరిగి ఇంటికి ఫోన్ చేసింది. "అమ్మా, వాడి నోట్లో బొమ్మ తీసి వెలుతుర్లో చూడు. చిరుగుందా? వేలితో లాగి చూడు. చల్లదనానికి ఫ్రిజ్ కింది అరలో పెడితే చాలు, ఫ్రీజర్‌లో వద్దు. గడ్డకడితే చిగుళ్ళు కమిలిపోతాయి. వాడి పక్కనుంచి లేవకు. లేదమ్మా, ఏమీ కాలేదు. ఊరికే."

పన్నెండూ నలభై. తలుపు సగం తెరుచుకుంది. డాక్టర్ చేతిలో స్టీలు గిన్నె. అందులో శనగగింజంత చెక్కపూస.

"కుడి ఊపిరితిత్తి దారిలో బిగుసుకుంది. మందులతో కూర్చుంటే సాయంత్రానికి పాప దక్కేది కాదు."

"ఇప్పుడు?" అంది తల్లి.

"గొట్టం తీసేశాం. మత్తులోంచి తేలాలి. ఇంకా తేలలేదు." ఆయన తల్లి కళ్ళలోకి చూడలేదు. "ఏడవాలమ్మా. ఏడిస్తే గెలిచినట్టే."

తలుపు మళ్ళీ మూసుకుంది.

"కంప్లెయింట్‌లో ఆయా పేరు కొట్టేయండి మేడం," అంది తల్లి. "నా పేరు రాయండి."

నాయనమ్మ కోడలి పక్కనే నేల మీద చతికిలబడి, ఆమె తల తన భుజానికి ఆనించుకుంది.

ఎస్సై ఫోన్ మోగింది. స్టేషన్ నుంచి. ఆయాని వదిలేశారు. కానీ ఆమె గుమ్మం దాటలేదట. ఫోన్‌లోకి ఆమే వచ్చింది.

"అమ్మా, పాపకెలా ఉంది?"

"మత్తులోంచి తేలాలి. ఇంకా ఏడవలేదు."

"అది ఏడిస్తే పైకప్పు లేచిపోతుందమ్మా. ఏడుస్తుంది. చూడండి."

తల్లి చెయ్యి చాచి ఫోన్ అడిగి తీసుకుంది. చెవికి ఆనించుకుంది. క్షమించమనాలని నోరు తెరిచింది. బదులుగా తలుపు వైపు చూసింది. అవతల ఆయా ఫోన్ పెట్టెయ్యలేదు. ఇద్దరూ అలాగే ఉండిపోయారు.

పన్నెండూ యాభై మూడు.

తలుపు వెనక పిల్లి కూన మూలిగినట్టు సన్నటి చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఈసారి బొంగురుగా, కోపంగా, గుక్క పట్టి.

తల్లి పడుతూ లేస్తూ తలుపు దగ్గరికి వెళ్ళి ఫోన్‌ని చెక్కకి ఆనించి పట్టుకుంది.

"విను," అంది. "అక్కా, విను."