ఒక్క గ్రాము బరువు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... మనిషి నీడ మనిషి కాళ్ల కిందే నక్కి, ఎటూ పోలేక వణికే వేళ! కారుమేఘాలు ఆకాశాన్ని కబళించాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము ఉరిమింది. పగలన్న సంగతే మరిచిన గుడ్లగూబ ఒకటి ఆ నాలుగంతస్తుల భవనం పిట్టగోడ మీద వాలి వికృతంగా కూసింది. పై అంతస్తులో, కిటికీలన్నీ బిగించిన గదిలో, నెత్తుటి రంగు వలయం... వలయం మధ్య పసుపుబారిన కపాలం... దాని పక్కన ఒక పాత టర్న్‌టేబుల్... ఎదురుగా కుర్చీలో, రెప్ప వేయని ఒక యువతి!

అంతటి ఘోరదృశ్యం చూసి కూడా సూదులక్క సంచీ కింద పెట్టి, "కాస్త లైటు వేస్తారా?" అని మాత్రం అడిగింది.

పాత రికార్డు ప్లేయర్లకు సూదులు మార్చడం ఆమె పని. ఇరవై ఏళ్లుగా అదే పని కాబట్టి ఊళ్లో అందరికీ ఆమె సూదులక్కే. కుర్చీలో ఉన్నది ఆమె సొంత చెల్లెలు. రేడియోలో ప్రకటనలు చదివే పిల్ల. మూడేళ్ల కిందట "చిన్న ప్రకటన చదవాలమ్మా" అని పిలిపించి, ఈ ఇంటి మాంత్రికుడు గాజు పళ్లెం మీద పూసిన నల్లటి లక్కలో ఆమె గొంతును గాడిగా చెక్కేశాడు. గొంతుతో పాటు ప్రాణమూ ఆ గాడిలోకి జారిపోయింది. చెల్లెల్ని వెతుకుతూ సూదులక్క మొదటి ఏడాది తొక్కని గడప లేదు. రెండో ఏడాదంతా ఏడ్చింది. మూడో ఏడాదికి లోపల ఏమీ మిగల్లేదు. ఇవాళ పొద్దున మాంత్రికుడే ఫోన్ చేసి, "సూది విరిగింది. నీ చెల్లెలు ఇక్కడే ఉంది. నోరెత్తకుండా రా" అంటే, "ఏ మోడలండీ?" అని అడిగిన మనిషి ఆమె.

తలుపుకు తాళం వేసి, వాడు తన ఘనకార్యాలన్నీ ఏకరువు పెట్టాడు. చెప్పుకోవడానికి మనుషులు దొరకరు కదా, పాపం! వాడు కొలిచే ఛాయ మహా ఉగ్రమైనది. మంత్రం ఎవరి గొంతు పలికితే వారి ఆయువునే ఆరగిస్తుంది. అందుకే ఆ ధూర్తుడు తన నోరు కట్టుకుని, పరాయి గొంతు చేత పలికిస్తున్నాడు. పళ్లెం తిరిగినప్పుడల్లా చెల్లెలి ఆయువు కొంత తరిగింది. ఇరవై ఎనిమిదేళ్లకే ఆ పిల్ల జుట్టు నెరిసింది, బుగ్గలు పీక్కుపోయాయి. ఇవాళ్టిది ఆఖరి ఆవృత్తి. అది పూర్తయితే వాడికి చావు ఉండదు, చెల్లెలికి బతుకు ఉండదు.

"మంత్రం ఎక్కడా తెగకూడదు" అన్నాడు మాంత్రికుడు, ఎర్రటి కళ్లు ఉరిమి చూస్తూ. "తెగిందా, దీని ప్రాణం దీని ఒంటికి పోతుంది. చితికిన గొంతు మాత్రం ఇక రాదు. పిచ్చి వేషాలేస్తే పళ్లెం నేలకేసి కొడతాను. ప్రాణం లోపల ఉండగా అది పగిలితే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలిసింది. కాస్త పక్కకు జరగండి, వెలుతురు అడ్డం" అంది సూదులక్క.

ఆమెకు భయం వేయలేదు. వేయాల్సిన చోటే అని తెలుసు, అయినా వేయలేదు. సూది బిగించే పాత కార్ట్‌రిడ్జ్‌ నుంచి విరిగిన సూదిని మునివేళ్లతో లాగింది. కొత్తది ఆ చోటులోకి నెమ్మదిగా నెట్టి, టక్కుమన్నాక వదిలింది. చిన్న అద్దం ముక్క కింద పెట్టి సూది నిట్టనిలువుగా ఉందో లేదో చూసింది. సూదిని మోసే ప్లేయర్ చెయ్యి వెనక ఉన్న గుండ్రటి బరువును తిప్పి తిప్పి, సూదివైపు లేవకుండా వాలకుండా గాలిలో నిలబడేలా చేసింది. ఇక సూదికి అసలు బరువు ఇవ్వాలి.

"ఎంత పెడుతున్నావు?"

"రెండున్నర గ్రాములు."

"వద్దు. గాడి అరిగిపోతుంది. ఒక్క గ్రాము పెట్టు, చాలు."

ముల్లోకాలనూ గడగడలాడించే మాంత్రికుడే గానీ, ఈ ఒక్క విషయంలో అందరు కస్టమర్ల లాంటివాడే! ఈ మాట మీద ఆమె ఇరవై ఏళ్లుగా ఎంతమందితో దెబ్బలాడిందో. తేలిక సూది గాడిలో నిలవదండీ, పెద్ద శబ్దం రాగానే ఎగిరిపడి గాడి గోడల్ని చితక్కొడుతుంది, తగినంత బరువుంటేనే గాడికి క్షేమం... అని నెత్తీ నోరూ బాదుకునేది. వినని వాళ్ల ప్లేయర్లు బాగుచేయకుండా తిప్పి పంపిన రోజులూ ఉన్నాయి.

సూదులక్క చెల్లెలి వైపు చూసింది. ఆ పిల్లకు ఆ గొంతే కూడు, ఆ గొంతే పేరు. చిన్నప్పుడు అక్కకు నిద్రపట్టకపోతే కథలు చెప్పింది కూడా ఆ గొంతే. గొంతు కావాలా, చెల్లెలు కావాలా? అడుగుదామంటే వినే మనిషి కుర్చీలో లేదు. ఎవరినీ అడగకుండా ఆమే తేల్చుకుంది.

"సరే, మీ ఇష్టం" అని బరువు ఒక్క గ్రాము దగ్గర ఆపింది.

పళ్లెం తిరిగింది... సూది వాలింది... కాసేపు చిటపటలు. తర్వాత, మూడేళ్లుగా వినని గొంతు గది నిండా పలికింది. "ఒకటి, రెండు, మూడు. వినబడుతోందాండీ? మొదలుపెట్టమంటారా?" ఎప్పుడూ ఇంతే, చదివే ముందు మైకును పరీక్షించుకోవడం దానికి అలవాటు. సూదులక్క గుండెలో ఎక్కడో కలుక్కుమంది, వెంటనే మొద్దుబారింది.

ఆపైన మంత్రం! ఒక్కో బీజాక్షరానికి కపాలం దవడలు టకటక కొట్టుకున్నాయి. వలయంలోంచి దట్టమైన తమస్సు లేచి, కప్పును తాకి, తల వంచుకుని నిలబడింది. చెల్లెలి వేళ్లు కుర్చీ చేతుల్ని గీరాయి. మంత్రం తారస్థాయికి చేరింది... ఆవాహనలోని ఆ ఆఖరి భీకరనాదం సగం పలికిందో లేదో, సూది గాడిలోంచి ఎగిరింది! కర్రుమంటూ నల్లటి లక్కను చీల్చుకుంటూ మంత్రం ఉన్న మేరంతా అడ్డంగా జారిపోయింది.

నిశ్శబ్దం... గుడ్లగూబ సైతం గొంతు మూసుకుంది. సగం పిలుపుతో ఆగిపోయిన ఛాయ మెల్లగా తల తిప్పి, పిలిచిందెవరని వెతికింది.

"ఏం చేశావే?"

"మీరు చెప్పిందే చేశానండీ."

మాంత్రికుడి ముఖం పాలిపోయింది. ఛాయ అడుగు వేసింది. ఆ భయంలో, మూడేళ్లుగా విని విని నాలుక మీదికొచ్చేసిన మిగతా సగాన్ని వాడు సొంత నోటితో పూర్తిచేశాడు! పలికాక గానీ తెలియలేదు పలికింది తానని. నోరు రెండు చేతులా మూసుకున్నాడు. ఛాయ ఆ వేళ్ల సందుల్లోంచే లోపలికి దూరింది. దిక్కులదిరే ఒక్క ఆర్తనాదం... పెళపెళమని పిడుగు... చూస్తుండగానే వాడి ఒళ్లు ఎండి, నల్లబడి, పిడికెడు బూడిదై వలయంలో రాలింది. కపాలం నిలువునా పగిలింది.

కుర్చీలో చెల్లెలు పెద్దగా ఊపిరి పీల్చింది. కళ్లు తిప్పి అక్కను చూసింది. "అక్కా" అన్నట్టు పెదవులు కదిలాయి గానీ, చప్పుడు రాలేదు.

సూదులక్క పళ్లెం తీసి వెలుతురుకు పట్టి చూసింది. మంత్రమంతా చితికిపోయింది. అంచున వేలెడు మేర మాత్రం గాడి చెక్కుచెదరలేదు. ఒకటి, రెండు, మూడు అన్న చోటు. "ఇది దాచుకుందామే" అంది. "సరైన బరువు పెట్టి, ఏడాదికి ఒక్కసారి వింటాను. ఒక్కసారే."

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. ఎలాంటి వాళ్ల చేతికైనా మళ్లీ చిక్కే గొంతు అది. అక్క చేతుల్లోంచి పళ్లెం మెల్లగా తీసుకుని, బల్ల అంచుకేసి కొట్టింది. గాజు ముక్కలు గదంతా చిందాయి. అక్క వారించలేదు. వారించే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు.

బూడిదలోంచి తాళంచెవి తీసుకుని ఇద్దరూ వర్షంలోకి దిగారు. ఇంటికి రెండు మైళ్ల నడక. దారి పొడవునా చెల్లెలు చేతులు తిప్పుతూ, పెదవులు కదుపుతూ మూడేళ్ల కబుర్లు చెబుతూనే ఉంది. సూదులక్కకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇల్లు చేరేదాకా ఊ కొడుతూనే ఉంది.