బదులు డ్యూటీ

శంషాబాద్‌కు దగ్గర్లో ఒక మెడికల్ కాలేజీ ఉంది. పేరు ఎందుకు లెండి. దాని ఆస్పత్రి కింది అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన, 'పీజీ సెక్షన్' అని బోర్డు పెట్టిన చిన్న గదిలో నిర్మల పదకొండేళ్లుగా పనిచేస్తోంది. ఎంబీబీఎస్ అయ్యాక పైచదువు చదువుతూ, అదే ఆస్పత్రిలో రాత్రింబవళ్లు డ్యూటీలు చేసే కుర్ర డాక్టర్లనే పీజీలంటారు. వాళ్ల కాగితాలన్నీ నిర్మల చేతి మీదుగా నడవాలి. చేరే రోజు సర్టిఫికెట్లు తీసుకోవడం, డ్యూటీ చార్టు టైపు చేయడం, థీసిస్‌లు యూనివర్సిటీకి చేర్చడం, లీవ్ ఫారాలు ప్రిన్సిపాల్ పెద్దసారు బల్ల మీదికి పంపడం... ఇదీ ఆమె ఉద్యోగం. సాతంరాయి నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చి, సాయంత్రం ఆరింటికి తాళం వేసుకుని వెళ్లేది. నెత్తి మీదుగా విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. ఆ చప్పుడు ఆమెకు వినపడటం ఎప్పుడో మానేసింది.

ఆ ఏడు ఆగస్టులో డెంగీ జ్వరాలు ఊళ్ల మీద పడ్డాయి. నాలుగో అంతస్తు మెడికల్ వార్డులో మంచాలు చాలక నేల మీద పరుపులు వేశారు. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం బిందు అనే రెండో ఏడాది పీజీ లీవ్ ఫారం పట్టుకుని నిర్మల దగ్గరికి వచ్చింది. కాకినాడ పిల్ల. మెత్తగా మాట్లాడేది. తనకీ నాలుగు రోజులుగా జ్వరమని, మూడు రోజులు ఇంటికి వెళ్లొస్తానని చెప్పింది. ముంజేతి మీద దూది అంటించిన సూది గుర్తు ఉంది. డ్యూటీ గదిలోనే సెలైన్ ఎక్కించుకుని, అది అయిపోగానే వార్డులోకి పోతోందట.

ఫారంలో అన్నీ నింపింది కానీ ఒక గడి ఖాళీగా వదిలేసింది. 'బదులు డ్యూటీ చేయు పీజీ పేరు, సంతకం' అనే గడి. ఎవరినడిగినా ఖాళీ లేదంటున్నారని చెప్పింది. అప్పటికే ఇద్దరు పీజీలు జ్వరంతో మంచాన ఉన్నారు.

"ఆ గడి నింపకుంటే ఫారం పైకి పంపొద్దన్నరు మేడం. నా చేతుల ఏం లేదు," అంది నిర్మల.

అబద్ధం కాదు. అప్పటికి అలా తిప్పి పంపిన ఫారాలు అయిదున్నాయి. బిందు గోడకు తల ఆనించి బెంచీ మీద కాసేపు కూచుంది. వార్డు నుంచి ఫోన్ వస్తే లేచి, ఫారం అక్కడే వదిలేసి వెళ్లింది. మూడో రోజు తెల్లవారేసరికి అదే నాలుగో అంతస్తులో, తను చూసే వార్డులోనే, పద్నాలుగో నంబరు మంచం మీద పోయింది.

విచారణ కమిటీ వేశారు. కాగితాలు సర్దేటప్పుడు ఆఫీసు పర్యవేక్షకుడు హరిప్రసాద్ గారు నిర్మలను పిలిచి, బిందు లీవ్ అడిగినట్టు రికార్డులో ఉందా అని అడిగారు. ఫారం తన సొరుగులో ఉందని, రిజిస్టర్‌లో మాత్రం ఎక్కించలేదని ఆమె చెప్పింది.

"ఎక్కించలేదు కదమ్మా. అంటే మనకు రానట్టే," అన్నారాయన.

ఆ మాట ఆమె మనసులో ఎక్కడో ఇరుక్కుపోయింది. ఫారం చింపెయ్యడానికి చెయ్యి రాలేదు. సొరుగులో అట్టడుగున పెట్టింది.

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం. ముసురు పట్టి అయిదున్నరకే చీకటి పడింది. వరండాలో తడి బట్టల వాసన, ఫినాయిల్ వాసన కలిసి గాలి బరువుగా ఉంది. సంచీ సర్దుకుంటుంటే బల్ల మీది ఇంటర్‌కామ్ మోగింది. దాని చిన్న తెర మీద నాలుగో అంతస్తు డ్యూటీ గది నంబరు కనిపించింది.

ఎత్తింది. అవతల, సెలైన్ బొట్టు పడుతున్నంత నెమ్మదిగా ఒక ఊపిరి...

"నిర్మలక్కా, నా లీవ్ ఏమైందండీ?"

నిర్మల చేతిలోంచి రిసీవర్ జారి బల్ల అంచున వేలాడింది. దాంట్లోంచి ఆ గొంతు మళ్లీ అదే అడిగింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఆ రోజు బిందు బల్ల ముందు నిలబడి అడిగినట్టే అడిగింది.

మర్నాడూ అదే వేళకు మోగింది. ఆ మర్నాడూ. నిర్మల ఎత్తడం మానేసింది. ఎత్తకపోతే ఆరు దాకా ఆగకుండా మోగేది. ఎవరికి చెప్పినా నవ్వుతారని, నాలుగో అంతస్తులో పాతికేళ్లుగా పనిచేస్తున్న వార్డు అటెండర్ కుర్మయ్యను పక్కకు పిలిచి, డ్యూటీ గదిలోంచి సాయంత్రం ఎవరు ఫోన్ చేస్తున్నారని అడిగింది. ఆ గదికి తాళం పడి నెల దాటిందని ఆయన చెప్పాడు. తర్వాత ఇంకొంచెం గొంతు తగ్గించి, తెల్లవారుజామున ఒక డాక్టరమ్మ వచ్చి నాడి చూసి పోతోందని, చెయ్యి మంచులా ఉంటుందని పేషెంట్లు అంటున్నారని చెప్పాడు.

"బిందు మేడం ఇంకా డ్యూటీలనే ఉన్నది బిడ్డ. ఎవరన్న రిలీవ్ చెయ్యాలె గద," అన్నాడు.

ఆ రాత్రి నిర్మల అన్నం తినలేదు. భర్త లక్ష్మణ్ ఎయిర్‌పోర్ట్‌లో క్యాబ్ నడుపుతాడు. ఏంది పరేషాన్ అని అడిగితే తలనొప్పి అంది. తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. బతికుండగా ఇవ్వలేని లీవు ఇప్పుడైనా ఇప్పించాలి.

ఆఫీసుకు పోగానే ఫారం బయటికి తీసి రిజిస్టర్‌లో ఎక్కించింది. నంబరు వేసింది. పెద్దసారు రోజుకు నలభై కాగితాల మీద చదవకుండా సంతకం పెడతాడని ఆమెకు తెలుసు. మధ్యలో దీన్నీ దూర్చింది. మధ్యాహ్నానికి 'మంజూరు' అని సంతకంతో తిరిగొచ్చింది. బదులు డ్యూటీ గడి మాత్రం ఖాళీగానే ఉంది. పోయిన పిల్లకు బదులు ఎవరుంటారులే అనుకుంది.

సాయంత్రం ఇంటర్‌కామ్ మోగితే తనే ఎత్తి, లీవ్ వచ్చింది మేడం, ఇగ ఇంటికి పోండి, అని చెప్పింది.

"వచ్చిందా అక్కా? చాలా థాంక్సండీ." ఆ గొంతే మళ్లీ అడిగింది. "మరి నా బదులు ఎవరండీ?"

నిర్మల ఫోన్ పెట్టేసింది.

పొద్దున వచ్చి సొరుగు తీసేసరికి గడి నిండి ఉంది. నీలం సిరాతో 'డా. చందు' అని పేరు, కింద సంతకం. ఆ సంతకం ఆమె మూడువందల హాజరు పత్రాల మీద చూసింది. చందుదే. బిందు బ్యాచ్ కుర్రాడు, వైజాగ్ వాడు. సొరుగు తాళం చెవి తన మంగళసూత్రానికి కట్టిన పిన్నుకే ఉంది. పైకి పరుగెత్తింది. చందు డ్యూటీలో లేడు. హాస్టల్‌కు పోతే, గదిలో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. రాత్రి నుంచి జ్వరమట. ఏదైనా కాగితం మీద సంతకం పెట్టారా అని అడిగితే తెల్లబోయి, ఏ కాగితమూ చూడలేదన్నాడు.

నిర్మల ఆఫీసుకు తిరిగొచ్చి చందు పేరు కొట్టేసింది. చాలాసేపు పెన్ను పట్టుకుని కూచుంది. పెళ్లికెదిగిన కూతురు లేదు, చూసుకోవాల్సిన ముసలివాళ్లు లేరు. లక్ష్మణ్ ఒక్కడే. ఆ గడిలో తన పేరే రాసి సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం ఫోన్ ఒక్కసారే మోగింది.

"అక్కా..." ఆ గొంతులో ఈసారి జాలి ఉంది. "మీరు డాక్టరు కాదు కదండీ."

వెనక ఎక్కడో, చాలా మంది దగ్గుతున్నారు. మంచాలు కిర్రుమంటున్నాయి. ఇనప ట్రే కింద పడిన చప్పుడు. ఎవరో మేడం, మేడం అని పిలుస్తున్నారు. లైను తెగిపోయింది. ఫారంలో నిర్మల పేరు లేదు. చందు పేరు మీద కొట్టేసిన గీత కూడా లేదు.

ఆమె ఇక ఆలోచించలేదు. లక్ష్మణ్‌కు ఫోన్ చేసి బండి తెమ్మంది. హాస్టల్‌కు వెళ్లి, మీ అమ్మ దగ్గరికి పోండి సార్, ఈడ ఒక్క పూట కూడా ఉండొద్దు, అని చందును చెయ్యి పట్టి లేపింది. లీవ్ లేకుండా ఎలా వెళ్తానని అతను గొణిగాడు. నేను చూసుకుంటానంది. జ్వరంలో ఉన్నవాడు ఎదురు చెప్పలేకపోయాడు. అతని ఫోన్‌లోనే వైజాగ్ విమానానికి టికెట్ తీయించి, బండి వెనక సీట్లో పక్కన కూచుని, ఎయిర్‌పోర్ట్ దాకా అతని మణికట్టు వదలలేదు. మణికట్టు కాలిపోతోంది. గేటు దగ్గర పోలీసుకు ఐడీ చూపించి లోపలికి వెళ్లి, అద్దాల వెనక చెయ్యి ఊపాడు. విమానం లేచేదాకా నిర్మల అక్కడే నిలబడింది.

అది అక్టోబర్ ఎనిమిది. మర్నాడు హరిప్రసాద్ గారు మెమో ఇచ్చారు. లీవ్ లేకుండా పీజీని పంపడానికి నువ్వెవరని అందరి ముందూ అడిగారు. నిర్మల తల వంచుకుని తీసుకుంది. మనసు మాత్రం ఎన్నాళ్లకో తేలికగా ఉంది. సొరుగు తీసి చూస్తే చందు పేరు పోయి గడి ఖాళీగా ఉంది. సాయంత్రం అయిదున్నరకు చందు ఆమె సెల్‌కు ఫోన్ చేశాడు. జ్వరం దిగిందని, అమ్మ చారన్నం పెట్టిందని చెబుతుంటే ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ మాటల మధ్యలోనే ఇంటర్‌కామ్ మోగింది.

సెల్ ఒక చేత్తో చెవికి ఆనించుకునే రెండో చేత్తో రిసీవర్ ఎత్తింది. బిందు గొంతు కాదు. ఆమె ఎన్నడూ విననిది. కొంచెం బిడియం, కొంచెం ఉషారు కలిసిన గొంతు.

"అక్కా, నేను కొత్త పీజీని. నాలుగో ఫ్లోర్‌ల ఉన్న. ఈడ ఎవ్వరు లేరు. డ్యూటీ ఎవరి దగ్గర తీస్కోవాలె?"

కొత్త బ్యాచ్ వచ్చేది డిసెంబర్‌లో. అప్పటికింకా కౌన్సెలింగే మొదలు కాలేదు. ఏ కాలేజీకి ఎవరు వస్తారో ఎవరికీ తెలియదు. అయినా పదకొండేళ్ల అలవాటు కదా... నిర్మల నోరు తన ప్రమేయం లేకుండా అడిగింది, పేరేంది మేడం అని.

"అఖిల."

ఆ రోజు నుంచి నాలుగో అంతస్తు ఫోన్ మళ్లీ మోగలేదు. నాడి చూసే డాక్టరమ్మ కూడా రావడం లేదని కుర్మయ్య చెప్పాడు. బిందు ఇంటికి చేరిందనుకుని నిర్మల ఒకరోజు దండం పెట్టుకుంది. కానీ డిసెంబర్‌లో అలాట్‌మెంట్ జాబితా వచ్చినప్పుడు, ఆమె వేలు ఒక్కో పేరు మీదా ఆగుతూ, ఆగుతూ... ఏడో వరుస దగ్గర నిలిచిపోయింది. జనరల్ మెడిసిన్. అఖిల. నల్గొండ జిల్లా.

చేరే రోజు ఆ పిల్ల తల్లితో కలిసి వచ్చింది. రెండు జడలు వేసుకునే వయసు ఇంకా దాటనట్టున్న ముఖం. అక్కా, జాయినింగ్ ఇక్కడేనా, అని అడిగింది. అదే గొంతు. నిర్మల తల్లిని వరండాలోకి పిలిచి, ఈ సీటు వద్దమ్మా, ఏడాది ఆగినా పర్వాలేదు, బిడ్డను తీస్కపోండి, అని చేతులు పట్టుకుని బతిమాలింది. ఎందుకని అడిగితే, అది అడగొద్దమ్మా అంది.

సీటు ఇంకెవరికో ఇప్పించడానికి ఇలా బెదిరిస్తోందని తల్లి అనుకుంది. నేరుగా హరిప్రసాద్ గారి దగ్గరికి పోయింది. ఆయన వచ్చి, రెండో మెమో తీసుకుంటావా, పని చేస్తావా అని అడిగి, కుర్చీ పక్కనే నిలబడ్డారు. వరసలో ఇంకా తొమ్మిది మంది ఉన్నారు.

నిర్మల కూచుంది. సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టింది. అఖిల చేరిక పత్రం రాసి ఇచ్చింది. గుండ్రటి అక్షరాలు. తేదీ దగ్గరికి వచ్చేసరికి నిర్మల చూపు ఆగిపోయింది. డ్యూటీ ఎవరి దగ్గర తీసుకోవాలని ఆ గొంతు ఇంటర్‌కామ్‌లో అడిగిన రోజది.

అక్టోబర్ తొమ్మిది.

"తేదీ తప్పు పడ్డది మేడం. ఇయ్యాల డిసెంబర్ ఇరవై రెండు," అంది.

అఖిల పత్రం చూసుకుని సిగ్గుగా నవ్వింది. అదెట్ల రాసిన్నో అనుకుంటూ కొట్టేసి, పక్కనే జాగ్రత్తగా, ఒక్కో అంకె దిద్దుతున్నట్టు మళ్లీ రాసింది. పెన్నుకు మూత పెట్టింది.

"ఇప్పుడు సరిగ్గ ఉన్నది గదా అక్కా?"

నిర్మల పత్రాన్ని తనవైపు తిప్పుకుంది. అక్టోబర్ తొమ్మిది. పిల్ల ముఖంలో ఏ తేడా లేదు. కళ్లు తేటగా ఉన్నాయి, జవాబు కోసం చూస్తున్నాయి. వెనక నుంచి హరిప్రసాద్ గారు, కానివ్వమ్మా, అన్నారు.

నిర్మల స్టాంపు వేసింది.