కార్ల్ రోడెన్ అనే డోరా

పొద్దున ఇడ్లీ పాత్ర దింపుతున్న డోరాకు హాల్లో భర్త ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడడం వినిపించింది. కార్ల్ రోడెన్ తానేనని, సాయంత్రం హోటలుకు వస్తానని ఎవరికో చెబుతున్నాడు.

డోరా జర్మనీ నుంచి నర్సుగా వచ్చి, రైలు డ్రైవర్ జ్ఞానశేఖర్‌ను పెళ్లి చేసుకుని చిలకలగూడలో స్థిరపడింది. అత్తగారి దగ్గర తెలుగు నేర్చుకున్నా, రాయడం మాత్రం తన భాషలోనే. రైళ్లలో జరిగే నేరాల నవలలు ఆడపేరుతో అమ్ముడుపోవని ప్రచురణకర్త అంటే, కార్ల్ రోడెన్ అని మగపేరు పెట్టుకుంది. ఆ సంగతి తెలియని జర్మన్ పాఠకుల సంఘం వాళ్లు, ఆ రచయితను సన్మానించాలని ఇప్పుడు బేగంపేటలో ఒక హోటల్లో దిగారు.

ఆమె నిలదీసింది. జ్ఞానశేఖర్ తడబడలేదు.

"ఏందీ గింత కోపం? వాళ్లు మొగాయన కోసం వచ్చిన్రు. నువ్వు పోతే మోసం చేసినవంటరు. అయినా రైలు ముచ్చట్లన్నీ నేను చెప్పినవే గద."

కూతురు కల్పలత తండ్రినే సమర్థించింది. ఇన్నేళ్లు దాచిన పేరు ఇంకొక్క సాయంత్రం దాస్తే ఏం పోతుందంది.

భర్తను ఏనాడూ ‘మీరు’ తప్ప అనని డోరా గొంతు మారింది.

"బండి యాడ ఆగిందో నువ్వు చెప్పినవ్. అండ్ల మనుషుల్ని నేను రాసిన. ఆ పేరు నాది." కూతురి వైపు తిరిగింది. "నీ తల్లి ఏం రాస్తుందో ఒక్కసారన్న అడిగినవా?"

సాయంత్రం జ్ఞానశేఖర్ బయలుదేరుతుంటే డోరా కూడా అద్దె కారెక్కింది, ఆమె వెనకే కల్పలత.

హోటల్లో వాళ్లు జ్ఞానశేఖర్ చేతికి పూలగుత్తి అందించబోతుంటే డోరా అడ్డంగా నిలబడి, జర్మన్‌లో తానెవరో చెప్పేసింది. అందరూ అతని వైపు చూశారు. అతను తల వంచుకుని, ఆమె చెప్పిందే నిజమన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో తల్లీకూతుళ్లు వెనక కూర్చున్నారు. కల్పలతే, మొదటి నవల కథ చెప్పమని అడిగింది. ఇంకా మండిపడుతూనే డోరా మొదలుపెట్టింది. పట్టాల మీదికి వచ్చిన ఆడపిల్లను చూసి, బ్రేకు వేసినా బండి ఆగక, ఆ పిల్ల ముఖం మరచిపోలేని ఒక డ్రైవర్ కథ.

డ్రైవరు పక్కన ముందు సీట్లోంచి జ్ఞానశేఖర్ వెనక్కి తిరిగాడు.

"ఇది నీకు నేనెప్పుడూ చెప్పలే."

"చెప్పలే. బండి కింద పిల్ల పడ్డదని పేపర్ల చదివిన. ఆ దినం నువ్వు అన్నం ముట్టలే. మన బిడ్డను ఎత్తుకోనీకి సుత భయపడ్డవ్. నేను చూసిన."

అతను ముఖం కప్పుకుని ఏడ్చాడు. కాసేపటికి, "తప్పయింది డోరా" అన్నాడు.

"ఇంటికి పోయినంక తిడత. ముందు కథ విను" అంది డోరా.