వల లేని బెండ్లు

"పదిహేడో గూట్లో మూడో గుడ్డు పెట్టింది. రాసుకో."

రోములో అనే జాలరి కుర్రాడు ఈ మాట అనేసి, పడవ గెడ నీళ్ళలోకి దించి, ఏమీ ఎరగనట్టు అవతలి ఒడ్డు చూస్తూ నిలబడ్డాడు. నిల్దా చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

ఆమె ఆ టిటికాకా సరస్సు మీదే, తుంగ పేర్చి కట్టిన తేలే దీవిలో పుట్టి పెరిగిన పిల్ల. ఈ ఏడు సరస్సు కార్యాలయం వాళ్ళు ఒక నోటుబుక్కూ ఒక దుర్భిణీ చేతికిచ్చి, సోమవారాలూ గురువారాలూ బుడుబుంగల గూళ్ళు లెక్కపెట్టమన్నారు. టిటికాకా బుడుబుంగకి రెక్కలు పేరుకే. ఎగరలేదు, మునగడం ఒక్కటే వచ్చు. గూడు వదిలి వెళ్ళేటప్పుడు మాత్రం గుడ్లు కనబడకుండా తడినాచు కప్పి మరీ వెళుతుంది. ఆ నాచు కింద మూడున్నాయని ఈ మహానుభావుడికి ఎలా తెలిసింది? ఎత్తి చూడాలి. ఎత్తి చూసినవాడు చూసి ఊరుకుంటాడా?

"నీకెలా తెలుసు?" అంది నిల్దా.

"కళ్ళున్నాయి కనక."

"చేతులు కూడా ఉన్నాయిగా."

రోములో చెవులు ఎర్రబడ్డాయి. పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడి చెవులే అలా ఎర్రబడతాయని నిల్దా ఆ పూటే తీర్మానించేసుకుంది. చెవులు ఎర్రబడడానికి ఇంకో కారణం కూడా ఉంటుందని ఇరవై రెండేళ్ళ పిల్లకి తెలియకపోదు. తెలిసినా ఒప్పుకోవడం ఇష్టం లేదు.

ఆ రోజు నుంచీ ఆమె నోటుబుక్కు చివరి పేజీల్లో పక్షుల బదులు రోములో చేరాడు. సోమవారం తుంగ చాటున కనిపించాడు. గురువారం కనిపించాడు. నన్ను చూసి నవ్వాడు, ఎందుకు? మిగతా రోజుల్లో తెల్లారేసరికే మాయమై సాయంత్రానికి వస్తున్నాడు, ఎక్కడికి? ఆ నవ్వులో ముందుపళ్ళ మధ్య చిన్న సందు ఉందని కూడా రాసి, అది విచారణకి అవసరం లేదని కొట్టేసింది.

ఒక గురువారం పదిహేడో గూడు ఖాళీగా కనిపించింది. గుడ్లు లేవు, నాచు చెదిరిపోయి ఉంది. నిల్దాకి ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా అప్పుడే రోములో పడవ వచ్చింది. తిట్టడానికి ఆమె నోరు తెరిచేలోగా అతను గెడ ఎత్తి ఒక పక్కకి చూపించాడు. తల్లి బుడుబుంగ తాపీగా ఈదుతోంది. దాని వీపు ఈకల్లోంచి చారల తలలు మూడు బయటికి చూస్తున్నాయి. నిల్దా మూడని రాసుకుంది. అతను ఆ మూడింటినీ కాక తననే చూస్తున్నాడని గమనించి, తేదీ తప్పు వేసింది.

మనసు మెత్తబడుతున్న ఆ వేళలోనే, ఇన్నాళ్ళూ తుంగ చాటున ఉండిపోయిన బెండ్లు కంటబడ్డాయి. గూళ్ళకి పది బారల దూరంలో, తుంగ మధ్య పాయలో, ప్లాస్టిక్ సీసాలు వరసగా తేలుతున్నాయి. రోములో తండ్రి పోతూ కొడుక్కి వదిలిన చేపలవేట వంతు ఆ పాయ. బెండ్లున్నాయంటే కింద వల ఉన్నట్టే. వల ఉంటే, మునిగిన బుడుబుంగ మళ్ళీ పైకి రాదు. గూళ్ళ దగ్గర వల వేసినవాడికి ఏడాదిపాటు వేట బంద్ అని దీవుల సభ ఆ ఏడే కట్టుబాటు చేసింది.

అయితే పిల్లల్ని చూపించి నన్ను మురిపించింది ఇందుకా, అనుకుంది నిల్దా. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తెల్లారగానే సభ పెద్ద ఫెర్మిన్ చేతిలో ఫిర్యాదు కాగితం పెట్టేసింది.

పెట్టిన గంటకి అనుమానం తన మీదకే తిరిగింది. కళ్ళతో చూడని వల గురించి రాసి ఇచ్చానే అనిపించింది. చినుకులు మొదలైనా లెక్కచేయకుండా పాయలోకి వెళ్ళి, మొదటి బెండు పట్టుకుని తాడు లాగింది. రాయి వచ్చింది. ఇంకా లాగింది. ఇంకో రాయి వచ్చింది. చివరిదాకా లాగినా తాడూ, రాళ్ళూ, నాచూ తప్ప వల లేదు.

"చూశావుగా. ఇక వదిలెయ్," అన్న మాట వెనకనుంచి వినిపించింది.

రోములో వానలో తడిసి ముద్దయి ఉన్నాడు. నిల్దా తాడు వదల్లేదు. ఇదేం నాటకమని అడిగింది. అతను నసుగుతూ చెప్పాడు. పోయిన వేసవిలో అతని వలలో ఒక బుడుబుంగ చచ్చింది. వీపు మీద పిల్లతో సహా. ఆ రోజే వల తీసేశాడు. అప్పటినుంచి నడి సరస్సుకి, మూడు గంటల దూరం వెళ్ళి పట్టుకొస్తున్నాడు. బెండ్లు కూడా తీసేస్తే పాయ ఖాళీ అయినట్టు లెక్క. ఒక వేట కాలమంతా పని జరగని వంతు ఎవరడిగితే వాళ్ళది. ఇది కూడా ఆ సభ పెట్టిన కట్టుబాటే. వల వేస్తే వేట బంద్, తీస్తే వంతు పోవడం, ఈ రెండూ ఒకే చోట కలిస్తే మనిషి ఏమవుతాడో ఆ పెద్దలకి తట్టలేదు. మోటారు పడవ కొన్న ఇలారియో ఆ పాయ మీద కన్నేసి ఉన్నాడు. ఒడ్డుకి అది దగ్గర దారి కదా. మోటారు ఒక్కసారి తిరిగితే ఆ అలకి గూళ్ళు ఒక్కటీ మిగలవు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది నిల్దా.

"నువ్వు అన్నీ రాసుకుంటావు. రాసింది నలుగురూ చదువుతారు."

"సభకి కాగితం ఇచ్చేశాను," అంది నిల్దా.

రోములో కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తాడు ఆమె చేతిలోంచి తీసుకుని, జాగ్రత్తగా మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు.

ఆమె పరుగున ఫెర్మిన్ దగ్గరికి వెళ్ళి కాగితం వెనక్కిమ్మంది. సభకి వచ్చిన కాగితం సభలోనే తేలాలన్నాడు ఆయన.

ఆదివారం దీవుల వాళ్ళంతా చేరారు. నలుగురు గెడ పడవలో వెళ్ళి తాడు లాగి పట్టుకొచ్చారు. వల లేదని తేలగానే జనం నవ్వారు. నిల్దాని చూసి కూడా నవ్వారు. నవ్వులు ఆగాక ఇలారియో లేచి, వల లేదంటే పని లేదు కదా, ఆ పాయ నాకు రాయండి అన్నాడు. ఫెర్మిన్ నిట్టూర్చాడు. కట్టుబాటు కట్టుబాటే. రోములో తల వంచుకుని నిలబడ్డాడు. అతని తల్లి అసుంతా నమలడానికి తెచ్చుకున్న కోకా ఆకు మూటని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో నలుపుతోంది. భర్త చేతి కష్టమంతా ఆ నీళ్ళలోనే ఉందామెకి.

నిల్దా లేచింది.

"అక్కడ పని జరగలేదని ఎవరన్నారు?" అంది. నోటుబుక్కు తెరిచి చూపించింది. వారానికి రెండు రోజులు, ఆరు నెలలు, వానొచ్చినా ఎండొచ్చినా ఆ పాయలో తను పని చేసింది. ముప్ఫై ఒక్క గూళ్ళు. పని అంటే చేపలు పట్టడమే అని కట్టుబాటులో ఎక్కడుంది?

ఫెర్మిన్ గడ్డం గోక్కున్నాడు. "పని ఏదైనా పనే అనుకుందాం. కానీ వంతు ఎవరిదో ఆ ఇంటి మనిషి చెయ్యాలి. నువ్వు ఎవరింటి మనిషివమ్మా?"

నిల్దా తండ్రి ప్రుదెన్సియో ముందు వరసలోనే కూర్చున్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"రోములో ఇంటి మనిషిని," అంది.

ఫెర్మిన్ మెల్లిగా రోములో వైపు తిరిగి, ఏమిటయ్యా, నిజమేనా అని అడిగాడు.

"ఈ మాట నేనూ ఇప్పుడే వింటున్నాను పెద్దాయనా," అన్నాడు రోములో. "కానీ నిజమే."

సభంతా గొల్లున నవ్వింది. ఇలారియో కూర్చున్నాడు. అసుంతా మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళి ప్రుదెన్సియో ముందు మూట విప్పింది. "పిల్లనడగడానికి ఆకు పట్టుకుని మీ ఇంటికి మేం రావాలి అన్నా. మీ పిల్ల మాకంటే ముందే వచ్చేసింది. ఏమనుకోకు," అంది.

ప్రుదెన్సియో ఆకుల్ని చూశాడు. కూతుర్ని చూశాడు. రోములోని మాత్రం, సంతలో గొర్రెని చూసినట్టు, కింద నుంచి పైదాకా చూశాడు. ఆ తర్వాత, ఒప్పుకున్నానన్నట్టు, మూడాకులు ఏరి నోట్లో వేసుకున్నాడు. ఫెర్మిన్ పుస్తకంలో పాయ ఎదుట పేరు మార్చకుండా, దాని పక్కన ఇంకో పేరు చేర్చాడు.

జనం లేచే సందట్లో రోములో ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు అనుమానం అతని వంతయింది.

"నిజం చెప్పు. పాయ కోసమే అన్నావు కదూ?"

నిల్దా అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"పాయ కోసమే అయితే మా నాన్న లేనప్పుడు అనేదాన్ని."